అమ్మవారు పోసినా, మూతి పేలినా… ముందు ఫోను చెయ్యి చెల్లీ

ఫాల్గుణంలో ఎండ చురుక్కుమనడం మొదలైందంటే మా విశాఖపట్నం మధురవాడలో ఏదో ఒక గుమ్మానికి వేపమండలు వేలాడాల్సిందే. అనకాపల్లి నూకాలమ్మకి కొత్తమావాస్య జాతర జరిగే రోజులవి. "ఫలానా వాళ్లింట్లో అమ్మవారు పోసిందట" అన్న కబురు కూడా అప్పుడే ఎక్కువగా వినబడుతుంది. పిల్లలకైతే అదొక వారం పదిరోజుల గోల. దురద, చిరాకు, మధ్యమధ్యలో బడి ఎగ్గొట్టిన సంబరం. అదే ఇంట్లో నీళ్లోసుకున్న పిల్ల ఉంటే మాత్రం సంగతి వేరు. ఈ నెల ముచ్చట ఆ పిల్ల గురించే చెల్లీ.

ఇంకో సంగతి కూడా ఇందులోనే కలిపేస్తున్నాను. చికెన్‌పాక్స్ తెచ్చే వైరస్‌ది హెర్పీస్ కుటుంబం. మూతి మీద పేలే పొక్కులూ, చెప్పుకోలేని చోట వచ్చే పుండ్లూ తెచ్చే వైరస్‌ది కూడా అదే కుటుంబం. వరసకి అక్కచెల్లెళ్లు. ఒకదానికి అమ్మవారని పేరు పెట్టి వీధి వీధంతా తెలిసేలా వేపాకు కడతాం. రెండోదాన్ని కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా దాస్తాం. చిత్రమేమిటంటే ఈ రెండింట్లోనూ అందరికంటే ఆఖరున తెలిసేది డాక్టరుకే.

మా మిథిలాపురి కాలనీ అపార్ట్‌మెంట్‌లో, మాకు కింది అంతస్తులో ఒక అమ్మాయి ఉంటుంది. శ్రీకాకుళం వైపు పిల్ల. రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం. అయిదో నెల నడుస్తోంది. పెద్దవాడు యూకేజీ. సాయంత్రం వాడికి స్నానం చేయిస్తుంటే వీపు మీద ఎర్రటి మచ్చ, దాని నడిమధ్యన సన్నటి నీటిబొట్టు కనబడ్డాయట. చొక్కా పూర్తిగా తీసి చూస్తే పొట్ట మీద ఇంకో మూడు, జుట్టులో ఒకటి, చెవి వెనక అప్పుడే పక్కు కట్టబోతున్నదొకటి. కొత్తవీ, నీరు పట్టినవీ, ఎండిపోతున్నవీ ఒకే ఒంటి మీద కలిసి కనబడటమే దీని గుర్తు. తట్టులో అలా ఉండదు, అన్నీ ఒకే తీరుగా వస్తాయి.

అత్తగారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. వేపమండలు కట్టేశారు. పోపు బంద్. చలిమిడి ముద్దా, పానకం సిద్ధం. కోడలి వైపు తిరిగి, "ఓలమ్మా, నువ్వు కడుపుతో ఉన్నావు, ఇక్కడుండకూడదు. ఇయ్యాలే బస్సెక్కి మీ పలాస ఎల్లిపో" అన్నారు. ఆవిడది ప్రేమే, కాదనను. నేను అప్పటికి వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను. "పిన్నిగారూ, పలాసలో వీళ్ల వదినకి ఏడో నెల కదా?" అన్నాను. ఆవిడ నోట మాట లేదు.

ఇక్కడ ఒక లెక్క తెలియాలి. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే బిడ్డ ఊపిరిలోంచి వైరస్ బయటికి వస్తూ ఉంటుంది. అంటే వాణ్ణి పక్కలో వేసుకుని పడుకున్న తల్లికి అంటాల్సింది అప్పటికే అంటిపోయి ఉంటుంది. ఆ తరువాత 10 నుంచి 21 రోజుల లోపు ఎప్పుడైనా ఆమెకి పొక్కులు రావచ్చు. అలాంటి మనిషిని బస్సెక్కించి పుట్టింటికి పంపితే, తనతోపాటు జబ్బునీ అక్కడికి మోసుకెళ్లినట్టే. పొక్కు పోసిన ఇంటికి బయటి గర్భిణి రాకూడదన్నది మంచి ఆచారమే. ఆ ఇంట్లోనే ఉన్న గర్భిణిని ఊరు దాటించడం మాత్రం తగదు.

మరేం చెయ్యాలి? ఫోను చెయ్యాలి. ఫోను అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేరుగా ఆస్పత్రికి వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంటే అక్కడున్న వాళ్లందరూ కడుపుతో ఉన్నవాళ్లే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు కదా, ఆ రోజు వరస ఎలా ఉంటుందో నీకు తెలుసు. అనుమానం ఉన్న మనిషి ఆ వరసలో నిలబడకూడదు. నిన్ను చూసే డాక్టరమ్మ నంబరు లేకపోతే మీ వీధి ఆశా కార్యకర్తకి చెయ్యి, ఏఎన్‌ఎమ్‌కి చెయ్యి. నీకు ఎన్నో నెల, ఎవరికి పొక్కులు వచ్చాయి, ఏ రోజు మొదలయ్యాయి, ఆ మనిషితో ఒకే గదిలో ఎంతసేపు ఉన్నావు, చిన్నప్పుడు నీకు వచ్చిందా లేదా అన్నవి చెబితే చాలు. ఒకే గదిలో పావుగంట కూర్చున్నా, ఎదురెదురుగా మాట్లాడుకున్నా అంటే అవకాశం ఉన్నట్టే లెక్క.

మా కింది అంతస్తు అమ్మాయి డాక్టరమ్మ కూడా మొదట అడిగింది చిన్నప్పటి సంగతే. పలాసకి ఫోను చేస్తే వాళ్లమ్మ ఒకసారి "పోసింది" అంది, కాసేపాగి "అది నీకు కాదే, మీ అన్నకి" అంది, మళ్లీ "అది తట్టేమో" అంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన తల్లికి అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి! అందుకని రక్తపరీక్షే శరణ్యం. వారిసెల్లా ఐజీజీ అని రాస్తారు. పాజిటివ్ వస్తే ఒంట్లో రక్షణ ఉందని అర్థం, నిశ్చింతగా ఉండొచ్చు. ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. పాజిటివ్ అని వచ్చింది. ఆ చీటీ పట్టుకుని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు చూసి, చెడు కబురేమో అనుకుని పక్క ఫ్లాటు వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

అందరికీ అలా రాదు మరి. చలిదేశాల్లో దాదాపు అందరికీ చిన్నతనంలోనే ఇది వచ్చి పోతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో పెద్దయ్యేదాకా రాని వాళ్లు చాలామందే ఉంటారు. మధురవాడలాంటి చోట ఎటు చూసినా కొత్త కాపురాలు, హాస్టళ్లు, పిల్లల్ని కుక్కిన స్కూలు ఆటోలు. రక్షణ లేని పాతికేళ్ల పిల్లకి ఇది ఎదురవడానికి సందులు ఎక్కువ. నెగటివ్ వస్తే డాక్టర్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, ఎదురుపడ్డ 10 రోజుల లోపు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది. ఖరీదు ఎక్కువ, అన్ని ఊళ్లలోనూ దొరకదు. రెండోది అసైక్లోవిర్ మాత్రలు. పొక్కులు రాకముందే, ఎదురుపడ్డ ఏడో రోజు నుంచి వారం పాటు ఇవ్వడం బ్రిటన్‌లో 2022 నుంచీ పద్ధతిగా పెట్టుకున్నారు. నీకు ఏది తగునో నీ డాక్టరే చెప్పాలి. ఏదైనా సరే రోజుల లెక్క మీద నడిచే వైద్యం, అందుకే తొలిరోజు ఫోను.

ఇక పొక్కులే వచ్చేశాయనుకో. ఇక్కడే ఆ అత్తగారితో, అదే మా పిన్నిగారితో, నాకు పేచీ. "అమ్మవారు పోసినింట్లో మాత్తర్లేటి, తల్లికి కోపమొస్తాది" అంటారావిడ. ఆవిడ తరం పెద్దమ్మవారిని కళ్లారా చూసింది. మశూచి మన దేశంలో చివరిసారి కనబడింది 1975లో. దానికి మందు లేదు, వచ్చాక మొక్కు తప్ప దిక్కు లేదు. ఆ భయం ఇంకా పోలేదు వాళ్లకి. ఆ ఆచారాల్లో సగం నాకు ముచ్చటగానే ఉంటాయి. మనిషిని విడిగా ఉంచడం, చుట్టాల్ని రానివ్వకపోవడం, వదులుగా నూలు బట్టలు కట్టడం, మజ్జిగన్నం, కొబ్బరినీళ్లు, గోళ్లు కత్తిరించడం, ఇవన్నీ ఏ డాక్టరైనా మెచ్చుకునేవే. వేపాకు గుమ్మానికి కట్టినా తలకింద పెట్టినా నష్టం లేదు. పసుపూ వేపాకూ నూరి పచ్చి పుండ్లకి పట్టించడం మాత్రం వద్దు, చీము పట్టే ప్రమాదం ఉంది. వారం పాటు ఒంటికి నీళ్లు తగలనివ్వకపోవడం కూడా వద్దు. మాత్ర ముట్టకూడదన్న నియమం ఒక్కటీ మనం వదిలేసుకోవాలి. బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్లి పసుపు కుంకుమలిస్తానని మొక్కుకో, మాత్ర కూడా వేసుకో. తల్లికి కోపమొస్తే నా పేరు చెప్పు.

కడుపుతో ఉన్న మనిషికి ఇంత పట్టుదల ఎందుకంటే, ఊపిరితిత్తుల వల్ల. పొత్తికడుపు పెరిగి, ఊపిరికి చోటు తగ్గి, ఒంట్లో రోగాన్ని ఎదిరించే తీరు కూడా మారి ఉంటుంది. చికెన్‌పాక్స్ ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా అయితే, నెలలు నిండుతున్న కొద్దీ అది ప్రాణాల మీదికి రావచ్చు. సిగరెట్టు అలవాటు ఉన్నవాళ్లకీ, ఒళ్లంతా వందకి మించి పొక్కులు పోసినవాళ్లకీ ఆ ముప్పు ఎక్కువ. అందుకే మొదటి పొక్కు కనబడ్డ 24 గంటల లోపు అసైక్లోవిర్ మొదలుపెట్టాలని చూస్తారు. మామూలుగా రాసేది 800 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి అయిదుసార్లు, ఏడు రోజులు. మోతాదు చెప్పాను కదా అని మెడికల్ షాపులో అడిగి కొనెయ్యకు తల్లీ, చీటీ రాయించుకున్నాకే వాడాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. బ్రూఫెన్, ఆస్పిరిన్ జోలికి నీ అంతట నువ్వు పోవద్దు.

దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, విపరీతమైన తలనొప్పి, మగత, పొక్కుల్లోంచి రక్తం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రని చూడొద్దు. 108కి చెయ్యి, "గర్భిణి, చికెన్‌పాక్స్" అని ముందే చెప్పు. కేజీహెచ్‌కో, ఇంకో పెద్దాసుపత్రికో వెళ్లేటప్పుడు కూడా ఆ ముక్క ముందుగా చెబితే వేరే గది చూస్తారు. పదింట ఎనిమిది తొమ్మిది మందికి ఇంత దూరం రాదు. వచ్చేవాళ్లలో నువ్వుండకూడదని నా తాపత్రయం.

ఆ అసైక్లోవిర్ కథలో మన భీమవరం ప్రస్తావన కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. ఆ మందు తయారైన ప్రయోగశాలలో పెద్దలు జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ హిచింగ్స్ కుర్రాడిగా హార్వర్డ్‌లో చదువుకున్నది సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో. అదే ప్రయోగశాలలో రాత్రింబవళ్లు పనిచేసి, పేరు మాత్రం దక్కించుకోలేకపోయినవాడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు, 1948లోనే పోయాడు. ఆ మాత్ర వేసుకునేటప్పుడు ఆయన్ని ఓసారి తలుచుకుంటే తప్పేం లేదు.

సరే, లోపల ఉన్న బిడ్డ మాటేమిటి? ఇదే ఇంటిల్లిపాదినీ హడలగొట్టే ప్రశ్న. కొన్ని ఇళ్లల్లో పొక్కు కనబడిన రోజునే "తీయించేద్దాం" అన్న మాట వచ్చేస్తుంది. ఆ మాట అనేవాళ్లకి ఈ లెక్క చూపించు. గర్భంతో ఉండగా చికెన్‌పాక్స్ వచ్చిన 1373 మందినీ, అదే వైరస్ తిరగబెట్టి తెచ్చే సర్పి వచ్చిన 366 మందినీ చూసి జర్మనీ, బ్రిటన్ డాక్టర్లు 1994లో ఒక అధ్యయనం ప్రకటించారు. బిడ్డకి పుట్టుకతో లోపాలు వచ్చింది తొమ్మిది మందికి. మొదటి 12 వారాల్లో చికెన్‌పాక్స్ వచ్చినవాళ్లలో అది వెయ్యికి నలుగురు, 13 నుంచి 20 వారాల మధ్య నూటికి ఇద్దరు. సర్పి వచ్చిన తల్లుల పిల్లల్లో ఒక్కరికీ లేదు. ఆ లోపాలు వస్తే మాత్రం చిన్నవి కావు. చర్మం మీద లోతైన మచ్చలు, ఎదగని చెయ్యో కాలో, కళ్లకీ మెదడుకీ దెబ్బ. అందుకే జబ్బు తగ్గిన అయిదు వారాల తరువాత పెద్ద స్కానింగ్ ఒకటి వివరంగా చేయిస్తారు. అంతకు ముందు చేస్తే కనబడాల్సినవి కనబడవు. ఆ అయిదు వారాలూ నరకమే, ఒప్పుకుంటాను. కానీ నూటికి తొంభై ఎనిమిదికి పైగా బిడ్డలు బాగానే ఉంటారన్న లెక్క పక్కన ఉంటే, తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు.

ఏడో నెల దాటాక బిడ్డకి అవయవ లోపాల భయం ఉండదు. అయితే కాన్పు దగ్గరపడే కొద్దీ ఇంకో భయం మొదలవుతుంది. ప్రసవానికి అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత దాకా, ఆ వారంలో తల్లికి పొక్కులు పోస్తే, వైరస్ మాయ దాటి బిడ్డని చేరుతుంది గానీ, దాన్ని ఎదుర్కొనే రక్షణ తల్లి ఒంట్లో తయారై బిడ్డకి అందే వ్యవధి ఉండదు. వైద్యం లేకపోతే ఆ పసిగుడ్లలో నూటికి ముప్ఫై మంది దాకా పోయేవాళ్లు. అందుకే వీలుంటే కాన్పుని వారం రోజులు వాయిదా వెయ్యాలని చూస్తారు. లేకపోతే బిడ్డ పుట్టగానే ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు, పొక్కులు వస్తే నరానికి అసైక్లోవిర్ ఎక్కిస్తారు. ముహూర్తం పెట్టించుకుని సిజేరియన్‌కి వెళ్లే రోజులివి. పొక్కులుంటే ఆ ముహూర్తం మాట మర్చిపోవాలి, పంతులుగారికి నేను సర్దిచెబుతాను.

ఇంకా కడుపు పండని చెల్లెళ్లకి ఒక మాట. దీనికి టీకా ఉంది. జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి కొడుకు మూడేళ్ల వయసులో అమెరికాలో ఉండగా చికెన్‌పాక్స్‌తో అల్లాడిపోయాడు. ఆ రాత్రుళ్లు చూసిన తండ్రి పట్టుబట్టి టీకా తయారుచేసి 1974లో లోకానికి చెప్పాడు. మన ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు, ప్రైవేటుగా వేయించుకోవాలి. పెద్దవాళ్లకి రెండు డోసులు, నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో. బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి కడుపుతో ఉండగా వెయ్యరు. వేయించుకున్నాక కనీసం నెలరోజులు ఆగి నెల తప్పాలి. కొందరు డాక్టర్లు మూడు నెలలు అంటారు. పెళ్లికి ముందు పట్టుచీరలకీ వడ్డాణాలకీ పెట్టే ఖర్చులో ఇది ఒక రవిక కుట్టుకూలంత, దీన్ని కూడా ఆ జాబితాలో రాయమని మా చుట్టాలందరికీ చెబుతుంటాను. ఇంట్లో పెద్దపిల్లాడికి టీకా వేయిస్తే కడుపుతో ఉన్న తల్లికేమైనా అవుతుందా అని అడుగుతారు. వేయించవచ్చు, పైగా అది నీకే రక్షణ.

సర్పి అన్నాను కదా. చికెన్‌పాక్స్ తగ్గాక ఆ వైరస్ ఒళ్లు వదిలి పోదు. ఖాళీ చెయ్యమన్నా చెయ్యని అద్దెదారులాగా నరాల మొదట్లో ఒక మూల పట్టుకుని కూర్చుంటుంది. ఎన్నో ఏళ్లకి, ఒళ్లు నీరసించినప్పుడు, ఒక నరం వెంట లేచి నడుముకి ఒక పక్కన పట్టీలాగా పొక్కులు పోస్తుంది. కొందరు మంత్రం వేయిస్తారు, ఎర్రమన్ను పూయిస్తారు. గర్భిణికి సర్పి వస్తే బిడ్డకి ముప్పు లేదు, నీకు నొప్పే ఎక్కువ. కానీ ఇంట్లో బామ్మగారికి సర్పి ఉంటే, ఎప్పుడూ చికెన్‌పాక్స్ రాని కోడలు ఆ పొక్కులకి మందు రాయకూడదు. ఆ నీళ్లలోంచి అంటేది చికెన్‌పాక్సే.

ఇప్పుడు కాస్త దగ్గరికి జరుగు. రెండో చెల్లెలి సంగతి, అదే మూతి మీదా చెప్పుకోలేని చోటా పొక్కులు తెచ్చే హెర్పీస్ సంగతి.

మా తోడికోడలి వైపు ఒక అమ్మాయికి రెండుసార్లు గర్భం నిలవలేదు. ఒక నర్సింగ్‌హోంలో టార్చ్ టెస్టు రాశారు. చీటీలో హెర్పీస్ ఐజీజీ ఎదురుగా పాజిటివ్ అని ఉంది. ఇంటికి తెచ్చి ఫోనులో వెతికారు. హెర్పీస్ అంటే సుఖవ్యాధి అని చదివారు. ఆ రాత్రి నుంచీ మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. "ఎక్కడ తెచ్చుకున్నావు?" అని అతను. ఆ పిల్ల మూడు పూటలు అన్నం ముట్టలేదు.

నేను ఆ చీటీ చూసి చెప్పింది ఇదే, నీకూ చెబుతున్నాను. టార్చ్ అనేది 1971లో ఆండ్రీ నామియాస్ అనే పిల్లల వైద్యుడూ ఆయన సహచరులూ పెట్టిన పొట్టి పేరు. పుట్టిన బిడ్డకి జబ్బుగా ఉంటే ఏ ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందో వెతకడానికి వాళ్లు ఆ పేరు పెట్టారు, అబార్షన్ అయిన ప్రతి ఆడమనిషి చేతిలో పెట్టడానికి కాదు. మళ్లీ మళ్లీ గర్భం పోతుంటే ఈ పరీక్ష వల్ల ఉపయోగం లేదు, మానెయ్యండి అని బ్రిటన్ స్త్రీవైద్యుల సంస్థ 2011లోనే రాసింది. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ తగిలిందని మాత్రమే. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఏ చీటీ చెప్పలేదు. హెర్పీస్‌లో మొదటి రకం లోకంలో యాభై ఏళ్ల లోపు వాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి అది తగిలేది చిన్నప్పుడే. మూతి పేలిన అత్తో బాబాయో ముద్దాడినప్పుడు. ఆ లెక్కన ఆ మొగుడికి పరీక్ష చేస్తే అతనికీ పాజిటివ్ రావచ్చు. ఆ మాట నేను అతని ఎదురుగానే అన్నాను. అతను టీ గ్లాసు చూసుకుంటూ కూర్చున్నాడు. కొత్తగా తగిలిందేమో చూడటానికని చేసే హెర్పీస్ ఐజీఎం పరీక్ష కూడా నమ్మదగింది కాదు. ఇలాంటి చీటీ పట్టుకుని కాపురాలు పాడుచేసుకునే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఆ చీటీ రాసి ఇచ్చి ఒక్క ముక్క విడమర్చి చెప్పనివాళ్లని చూస్తే ఇంకా ఎక్కువ.

చీటీ మాట వదిలెయ్. నిజంగానే కింద పొక్కులో పుండ్లో వచ్చి, మంటపెట్టి, మూత్రానికి వెళ్లాలంటే ప్రాణం పోతుంటే? "వేడి చేసింది" అనుకుని కొబ్బరినూనె రాసుకుని ఊరుకునే వాళ్లే ఎక్కువ. ఆస్పత్రిలో గర్భిణికి హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. హెర్పీస్‌కి చెయ్యరు. నువ్వు చెబితే తప్ప తెలియదు. అత్తగారు పక్కనే కుర్చీలో ఉంటే చెప్పడం కష్టమే. "ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అని నర్సుకి చెప్పు, వాళ్లకి ఇది కొత్త కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్కులున్నాయి, అక్కడ ఇలాంటి పుండ్లకి ఎర్రరంగు కిట్టు ఉచితంగా ఇస్తారు. అందులో ఉండేది మళ్లీ మన అసైక్లోవిరే.

ఇందులో కీలకం, మొదటిసారి ఎప్పుడు వచ్చిందన్నది. పెళ్లికి ముందో, మొదటి కాన్పుకి ముందో ఎప్పుడో వచ్చి, అప్పుడప్పుడూ తిరగబెట్టే మనిషి అయితే బిడ్డకి కావలసిన రక్షణ నీ రక్తం లోంచే అందుతూ ఉంటుంది. అలాంటి తల్లుల్లో బిడ్డకి అంటేది నూటికి మూడుకి లోపే. జీవితంలో మొట్టమొదటిసారి నెలలు నిండే సమయంలో వస్తే మాత్రం నూటికి ముప్ఫై నుంచి యాభై దాకా. అప్పుడు సిజేరియన్ చేస్తారు. పాతదే అయినా నొప్పులు మొదలైనప్పుడు పుండ్లు కనబడితే సిజేరియనే మేలంటారు. తిరగబెట్టే అలవాటున్నవాళ్లకి 36 వారాల నుంచి రోజూ మాత్రలిచ్చి, కాన్పు నాటికి ఒళ్లు శుభ్రంగా ఉండేలా చూస్తారు. అలా మాత్రలు మింగి హాయిగా సాధారణ కాన్పు అయినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లు నీకు చెప్పరు, అంతే. ఇంకోటి, మీ ఆయనకి మూతి దగ్గరో కిందో పొక్కులుంటే ఆఖరి మూడు నెలలూ దూరం దూరం. అలిగితే అలగనీ.

బిడ్డ పుట్టాక ఇంకో గండం, ముద్దులు. బారసాలకి వచ్చిన ప్రతివాళ్లూ బుగ్గలు పుణికి, మూతి మీద ముద్దుపెట్టి మరీ పోతారు. మూతి పేలిన మనిషి నుంచి నెల లోపు బిడ్డకి హెర్పీస్ అంటితే అది కాలేయాన్నీ మెదడునీ పట్టెయ్యొచ్చు. ప్రపంచం మొత్తం మీద లక్ష కాన్పులకి పది మంది బిడ్డలకే వస్తుంది, అరుదే. కానీ వచ్చిన ఇంటికి ఆ లెక్కతో పనిలేదు. పాలు తాగకుండా మగతగా పడుకోవడం, జ్వరం, ఫిట్స్, ఒంటి మీద ఎక్కడైనా నీటిపొక్కు కనబడటం, ఏదైనా సరే దిష్టి తీస్తూ కూర్చోకుండా పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రెండు మూడు వారాలు నరం ద్వారా మందు ఎక్కించాల్సి ఉంటుంది. మా ఇంట్లో బారసాల రోజున ఉయ్యాల పక్కన చేతులు కడుక్కునే సబ్బూ నీళ్లూ పెట్టించి, "పాదాలకే ముద్దులు" అని మా అమ్మాయి ఒక అట్టముక్క మీద రాసి వేలాడదీసింది. మా పెద్దాడబడుచు మూతి ముడుచుకుంది. తరువాత తనే వచ్చినవాళ్లందరికీ అది చదివి వినిపించింది.

పాల సంగతి అడుగుతున్నారు చాలామంది. చికెన్‌పాక్స్ వచ్చినా, మూతి పేలినా బిడ్డకి పాలు మానక్కర్లేదు. పొక్కు రొమ్ము మీదే, బిడ్డ నోరు తగిలే చోటే ఉంటే, అది మానేదాకా ఆ వైపు పాలు పిండేసి, రెండో వైపు ఇవ్వు. మూతికి గుడ్డ కట్టుకో, చేతులు కడుక్కో. అసైక్లోవిర్ వాడుతున్నా పాలివ్వొచ్చు. పాలు పడాలంటే బాలింత ఏం తినాలి, ఏం తినకూడదని మా పిన్నిగారు పెట్టిన పెద్ద పట్టీ ఒకటి నా దగ్గరుంది. దాని మీద ఆవిడతో నా తగువు వచ్చే నెల.